యూనివర్సిటీ పరిశోధన మన ఊరికి ఏం చేస్తుంది? తిరుపతి, చిత్తూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు చిత్తూరులో పాఠాలు చెబుతున్నాను. మా ఊరు పాకాల దగ్గర. పెళ్ళికి పోయినా, పెద్దకర్మకు పోయినా ఎవరో ఒకరు పక్కకు పిలుస్తారు. "అమ్మా, నువ్వేదో రీసెర్చి చేసినావంట గదా, మా బోరు నీళ్ళు చూసి చెప్తావా?" "మా మామిడికాయ ఎందుకు రాలిపోతా ఉంది?" చివర్లో తప్పకుండా ఇంకొకటి ఉంటుంది: "అంత పెద్ద పెద్ద యూనివర్సిటీలు పెట్టుకోని ఏం చేస్తా ఉండారు వీళ్ళంతా?"

ఏళ్ళ తరబడి అవే ప్రశ్నలు కాబట్టి జవాబులు ఇక్కడ రాసి పెట్టాను. నాకు బాగా తెలిసిన చోట ఎక్కువ రాశాను, తెలియని చోట ఆగిపోయాను.

అనువర్తిత పరిశోధన అంటే ఏమిటి? మామూలు పరిశోధనకూ దీనికీ తేడా ఏమిటి?

పేరే బరువు, సంగతి తేలిక. ఎవరికో ఒక ఇబ్బంది ఉంటుంది, దాన్ని తీర్చడానికి చేసే పరిశోధన ఇది.

మా మామ ఒకసారి చెనక్కాయ చెట్టు పీకి చూపించాడు. కాయలు నిండుగా ఉన్నాయి, ఒలిస్తే పప్పు లేదు. సగానికి సగం తాలు. "డీఏపీ మూటలు మూటలు పోసినాను, ఇంకేం తక్కువైంది?" అన్నాడు. తక్కువైంది కాల్షియం. మొక్కలో కాల్షియం వేరు నుంచి నీటితో పాటు పైకి పోతుంది, ఆకుల నుంచి నీరు ఆవిరయ్యే చోటికి చేరుతుంది. ఆకులోకి పోయింది మళ్ళీ కిందికి దిగి రాదు. చెనక్కాయ కాసేది మట్టిలో, అక్కడ ఆవిరయ్యే పనే లేదు. అందుకని ఊడా (పూత నుంచి మట్టిలోకి దిగే కాడ), లేత కాయా తమ చుట్టూ ఉన్న మట్టిలో నుంచే కాల్షియం పీల్చుకోవాలి. ఈ సంగతి కనిపెట్టడం మూల పరిశోధన. అది తెలిశాక ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి, మొక్కకు ఎంత దగ్గరగా వేయాలి అని పొలాల్లో ఏళ్ళ తరబడి వేసి చూసి, పూత సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం (కాల్షియం ఉండే ఖనిజం) మొదళ్ళ దగ్గర పడేలా వేసి మట్టి ఎగదోయమని చెప్పడం అనువర్తిత పరిశోధన. మొదటిది లేకుండా రెండోది చేస్తే చీకట్లో రాయి వేసినట్టే. రెండోది లేకపోతే మొదటిది పుస్తకంలోనే ఉండిపోతుంది.

మా మామ జిప్సం వేశాడా? ఆ సంవత్సరం కాదు. పక్క కయ్యలో వేసినాయన పంట చూశాక వేశాడు.

మన చుట్టుపక్కల ఎవరెవరున్నారు? అన్నీ ఎస్వీ యూనివర్సిటీ కిందికే వస్తాయా?

రావు. చాలామంది పొరబడేది ఇక్కడే. చెనక్కాయ తెగులు గురించి అడగడానికి ఎస్వీయూ గేటు దగ్గరికి పోయి తిరిగొచ్చిన వాళ్ళు నాకు తెలుసు.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పెట్టారు. సైన్సు, ఇంజనీరింగు, ఆర్ట్స్ అన్నీ ఉంటాయి, వ్యవసాయం మాత్రం ఉండదు. పంటల సంగతి చూసేది ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. తిరుపతిలో దానికి ప్రాంతీయ పరిశోధన స్థానం, వ్యవసాయ కళాశాల ఉన్నాయి. పండ్ల తోటలు మళ్ళీ వేరు, అవి ఉద్యాన విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. తిరుపతిలో దాని చీనీ, నిమ్మ పరిశోధన స్థానం ఉంది. పశువులకు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం. అది 2005లో వచ్చింది కానీ పశువైద్య కళాశాల 1955 నుంచీ ఉంది. ఆడపిల్లలకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1983. వైద్యానికి స్విమ్స్. సంస్కృత విశ్వవిద్యాలయం ఊళ్ళోనే ఉంది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, 1997. ఏర్పేడు వైపు 2015లో వచ్చినవి ఐఐటీ, ఐసర్ (సైన్సు విద్య, పరిశోధన సంస్థ).

ఒకే ఊరి చుట్టూ ఇన్ని ఉండటం దేశంలో చాలా చోట్ల కనబడదు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కరన్న ఫిర్యాదు కూడా అంత పాతదే.

చెనక్కాయకు రకాలు తీశారు సరే, బూజు సంగతి ఏమిటి?

రకాల సంగతి ముందు. నారాయణి, ధరణి తిరుపతి స్థానం నుంచి వచ్చినవే. కదిరి పేరుతో ఉన్నవి కదిరి స్థానం నుంచి వచ్చాయి. ఒక కొత్త రకం బయటికి రావడానికి రెండు చెట్లను కలిపిన రోజు నుంచి పదేళ్ళ దాకా పడుతుంది. వాన పడని సంవత్సరంలో బతికిందా, తిక్క ఆకుమచ్చ తెగులుకు నిలబడిందా, నూనె ఎంత దిగింది, ఇవన్నీ పలుచోట్ల, పలు సీజన్లలో చూడాలి. ఒక్క మంచి వానల సంవత్సరం చూసి రకం విడుదల చేస్తే బెట్ట వచ్చిన సంవత్సరం రైతు మునిగిపోతాడు.

ఇక బూజు. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్ళు లక్షకు పైగా చచ్చిపోయాయి. ఏ రోగమో అంతుబట్టలేదు. వెతుక్కుంటూ పోతే వాటికి పెట్టిన చెనక్కాయ చెక్కలో ఒక బూజు వదిలిన విషం దొరికింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. మనిషి కాలేయానికి అది ఎంత చెడ్డదో తర్వాత తేలింది. కంటికి కనబడదు, వేయిస్తే పూర్తిగా పోదు.

ఇది ఎక్కడ మొదలవుతుంది? గోడౌన్లో అనుకుంటారు. కాదు, పొలంలోనే. కాయ ఊరే సమయంలో బెట్ట తగిలి నేల వేడెక్కితే బూజు కాయలోకి దూరుతుంది. ఆ తర్వాత మనం చేసే తప్పులు దాన్ని పెంచుతాయి. పీకిన చెట్టును కాయలు పైకి ఉండేలా తిప్పి ఎండబెట్టాలి, మనం ఎటు పడితే అటు పడేస్తాం. చేత్తో ఊపితే గింజ గలగలమనే దాకా ఎండాలి, లెక్కలో చెప్పాలంటే తేమ ఎనిమిది, తొమ్మిది శాతానికి దిగాలి. మనం బరువు తగ్గుతుందని ముందే మూట కడతాం. విత్తనానికి మంచి కాయలు ఏరి, మిగిలిన తాలూ ముక్కా ఇంటికి వాడుకోవడం మా ఇంట్లోనూ చూశాను. ఆ విషం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ ముక్కల్లోనే. ఈ సంగతి తెలిశాక మా అమ్మ ఒక్క రోజు కూడా ఆ ముక్కలతో చట్నీ చేయలేదు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఇన్ని ఉన్నాయి. ఆ టెంకలూ తొక్కలూ ఏం చేస్తారు?

జూన్, జూలైల్లో చిత్తూరు చుట్టూ రోడ్ల మీద తోతాపురి ట్రాక్టర్లు వరస కడతాయి. గుజ్జు తీశాక టెంకా తొక్కా మిగులుతాయి. తొక్కలో పెక్టిన్ ఉంటుంది, జామ్ గడ్డకట్టడానికి వాడేది అదే. టెంక లోపలి జీడిలో కొవ్వు ఉంటుంది. గది వేడిలో గట్టిగా ఉండి నోట్లో కరుగుతుంది కాబట్టి చాక్లెట్లలో కోకో వెన్నకు బదులుగా వాడే కొవ్వుల్లో అదీ ఒకటి. ఇదంతా ల్యాబ్‌లో ఎప్పుడో తేలిపోయింది. మన కాలేజీల్లో ప్రతి సంవత్సరం ఎవరో ఒక పిల్ల దీని మీద ప్రాజెక్టు చేస్తుంది, మార్కులు తెచ్చుకుంటుంది.

మరి ఊరూరా ఎందుకు జరగడం లేదు? కెమిస్ట్రీ కష్టమై కాదు. టెంక తడిగా వస్తుంది, వానాకాలం మొదలయ్యే రోజుల్లో వస్తుంది, రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. సీజన్ రెండు నెలలు, మిగిలిన పది నెలలు మిషన్ ఖాళీ. బ్యాంకు వడ్డీ మాత్రం పన్నెండు నెలలూ నడుస్తుంది. ఇక్కడ కావలసిన పరిశోధన కొవ్వు తీయడం మీద కాదు. తక్కువ ఖర్చులో టెంకను ఎండబెట్టడం మీద, ఖాళీ నెలల్లో అదే మిషన్ మీద ఇంకేం ఆడించవచ్చో లెక్క కట్టడం మీద. ఆ ప్రాజెక్టు ఎవరూ ఎంచుకోరు, చూడటానికి పేపరు అందంగా ఉండదని.

పండబెట్టడం గురించి కూడా అడుగుతుంటారు. కార్బైడ్ నిషేధం. ఎథిలీన్ గ్యాసుతో గదిలో పండబెట్టడానికి అనుమతి ఉంది, గాలిలో పది లక్షల పాళ్ళకు వంద పాళ్ళ దాకా. కాయ తనంతట తాను పండేటప్పుడు విడిచేది కూడా ఎథిలీనే.

తిరుమల క్యూలో ఎంతసేపు నిలబడాలో లెక్కపెట్టి చెప్పగలరా?

చెప్పగలరు. నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది.

1909లో డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఇంజనీరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో కాల్స్ ఎలా వస్తాయి, ఎన్ని లైన్లుంటే జనం ఎదురుచూడకుండా ఉంటారు అని లెక్కలు వేశాడు. క్యూల శాస్త్రం అక్కడ మొదలైంది. 1961లో జాన్ లిటిల్ ఒక చిన్న సూత్రాన్ని రుజువు చేశాడు. లోపల ఉన్న జనం ఎంతమందో, గంటకు ఎంతమంది బయటికి వస్తున్నారో తెలిస్తే చాలు, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వేచి ఉండే సమయం వస్తుంది. లెక్క కోసం గంటకు 4,000 మందికి దర్శనం అవుతోందనుకోండి. వైకుంఠం కాంప్లెక్సులో, బయట లైన్లో కలిపి 40,000 మంది ఉంటే చివర చేరినవాళ్ళకు పది గంటలు. అంతే.

ఇందులో నుంచి రెండు సంగతులు బయటపడతాయి. కంపార్టుమెంట్లు ఎన్ని కట్టినా ఎదురుచూపు తగ్గదు. నీడ దొరుకుతుంది, పాలూ ఉప్మా అందుతాయి, గంటలు మాత్రం అవే. గంటలు తగ్గాలంటే బంగారు వాకిలి దగ్గర గంటకు ఎంతమంది కదులుతారో అది పెరగాలి. లఘు దర్శనం, మహాలఘు దర్శనం అని దేవస్థానం చేసేది అదే. స్వామికి ఎంత దూరంలో నిలబెట్టి తిప్పి పంపుతారన్నదాని మీద ఆ వేగం ఉంటుంది. మనం తిట్టుకుంటాం, గణితం మాత్రం వాళ్ళ వైపే ఉంది. రెండో దారి లోపలికి వచ్చేవాళ్ళ సంఖ్యను సమయాల ప్రకారం విడగొట్టడం. శ్రీనివాసం, విష్ణునివాసం, భూదేవి కాంప్లెక్స్ దగ్గర ఇచ్చే టైమ్ స్లాట్ టోకెన్లు ఆ పని చేస్తాయి.

అయితే టోకెన్ పెట్టగానే క్యూ మాయమైపోదు, కొండ మీది నుంచి ఊళ్ళోకి దిగుతుంది. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. జనం ఒత్తిడి మీద పరిశోధన చేసేవాళ్ళు చెప్పే కొలత ఒకటి ఉంది. చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే మనుషులు తమ అడుగు తాము వేయలేరు, గుంపు నీళ్ళలా కదులుతుంది, ముందున్నవాళ్ళకు ఊపిరాడదు. గేటు తెరిచే క్షణం అన్నిటికంటే ప్రమాదం. కెమెరా చూసి ఆ సాంద్రతను ఎప్పటికప్పుడు లెక్కగట్టే ప్రోగ్రాములు రాయడం ఇంజనీరింగు పిల్లలు చేయగల పనే. లెక్క వచ్చాక గేటు దగ్గరి మనిషికి ఎవరు చెప్పాలి, ఆయన ఎవరి మాట వినాలి అన్నది మాత్రం ప్రోగ్రాము చెప్పదు.

మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందంటున్నారు. ఫిల్టరు పెట్టిస్తే సరిపోతుందా?

ముందు ఎంత ఉందో కొలిపించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మన కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు ఎంత కాలం ఆ రాతిని తాకి ఉంటే అంత దిగుతుంది. బోరు లోతుకు పోయే కొద్దీ పాత నీరు వస్తుంది కాబట్టి సమస్యా పెరుగుతుంది. మా తాతల బావిలో లేనిది మా బోరులో ఎందుకుందంటే ఇందుకే.

తీసే పద్ధతుల్లో బాగా తెలిసింది నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరి) కనిపెట్టి మన తెలుగు జిల్లా పేరు పెట్టింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేరనిచ్చి పై నీళ్ళు వాడుకోవడం. కరెంటు అక్కర్లేదు, సరుకు అంగట్లో దొరుకుతుంది. కానీ మోతాదు తప్పితే పటికలోని అల్యూమినియం నీళ్ళలో మిగిలిపోతుంది, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో తలనొప్పి.

నా సొంత అనుభవం చెబుతాను, గొప్ప కోసం కాదు. పీహెచ్‌డీ రోజుల్లో మేము నలుగురం కలిసి ఒక పల్లె బడిలో అల్యూమినా ఫిల్టరు పెట్టాం. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. ప్రారంభానికి రిబ్బను, ఫొటోలు, పేపర్లో వార్త. ఆరు నెలల తర్వాత పోతే దాని మీద పలకలు ఆరబెట్టి ఉన్నాయి. మాకు కోపం వచ్చింది. మధ్యాహ్న భోజనం వండే ఆమె నిదానంగా చెప్పింది: "బిందె నిండేదానికి ముప్పావు గంట పడతాది మేడమ్. పిల్లోళ్ళు గంట కొడితే ఆగుతారా?" ఇంకొకటి కూడా చెప్పింది. రెండు నెలలకే నీళ్ళ రుచి మళ్ళీ మొదటికి వచ్చిందని. నిజమే, అల్యూమినా ఫ్లోరైడ్‌తో నిండిపోయింది. దాన్ని కాస్టిక్ సోడాతో, ఆమ్లంతో కడిగితే మళ్ళీ పనిచేస్తుంది. ఆ పని ఎవరు చేయాలో మేం ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఫిల్టరు పెట్టకముందు ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే మా రెండేళ్ళ డిజైను మారిపోయేది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదట పెట్టే పని అది. బిందె పట్టుకుని కుళాయి దగ్గర ఒక పూట నిలబడి రమ్మంటాను.

గాదంకి రాడార్ వల్ల మనకేం ఒరిగింది?

గాదంకిది విశ్వవిద్యాలయం కాదు, అంతరిక్ష శాఖ కింది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. కానీ ఎస్వీయూ ఫిజిక్స్ పిల్లలు చాలామంది అక్కడి డేటాతోనే పీహెచ్‌డీలు చేశారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 1,024 యాంటెనాలు వరసగా నాటిన చేను లాంటిది అది. ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, గాలి కదలికల నుంచి వెనక్కి వచ్చే సన్నటి ప్రతిధ్వని పట్టుకుంటుంది. గాలి ఏ ఎత్తులో ఎటు, ఎంత వేగంగా వీస్తోందో దానితో తెలుస్తుంది. పైకి పోయి కొలవాల్సిన పని లేదు.

"మా ఊళ్ళో రేపు వాన పడుతుందా" అని అడిగితే అది చెప్పదు. వాన ఎలా పుడుతుందో అర్థం కావడానికి పనికొస్తుంది, ఆ అర్థం మీదే రేపటి అంచనా నిలబడుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో కార్లు తేలినప్పుడు, రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు అందరూ అడిగింది ముందే ఎందుకు తెలియలేదని. వాన అంచనా ఒక భాగమే. ఎంత వాన పడితే చెరువులోకి ఎంత నీరు వస్తుంది, మొరవ (అలుగు) ఎంత వదలగలదు, మొరవ కాలువ మీద ఎవరు ఇల్లు కట్టారు, ఇదంతా సివిల్ ఇంజనీరింగు, భూగోళ శాస్త్రం వాళ్ళు చేయాల్సిన లెక్క. ఒక్కో చెరువుకు ఒక ఎంటెక్ ప్రాజెక్టు సరిపోతుంది.

తెలుగు, చరిత్ర, సంస్కృతం చదివేవాళ్ళకు ఇందులో పనేముంది?

ఎందుకు లేదు? ఎస్వీయూలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. దేవస్థానం 1939లో మొదలుపెట్టింది, తర్వాత యూనివర్సిటీలో కలిసింది. అక్కడి తాళపత్రాలకు పురుగు పట్టకుండా, ఆకు విరగకుండా చూడటం కెమిస్ట్రీ. నిమ్మగడ్డి నూనె రాస్తే పురుగు రాదు, మసి రుద్దితే గీసిన అక్షరం మళ్ళీ కనబడుతుంది. ఆ అక్షరాలను కంప్యూటరు చదివేలా చేయడం ఇంజనీరింగు. చదివింది సరైనదో కాదో చెప్పడం పండితుడి పని. ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చోకపోతే ఒక్క పత్రం కూడా తేలదు.

మందు షీటు మీద, బ్యాంకు ఫారం మీద తెలుగు అర్థమయ్యేలా ఉందా అని పరీక్షించడం కూడా పరిశోధనే. ఎవరూ చేయడం లేదు, చేస్తే మా అత్తమ్మ సంతోషిస్తుంది.

పుంగనూరు ఆవును కాపాడారంటారు, నిజమేనా?

పలమనేరు పశు పరిశోధన స్థానంలో ఆ మందను పెంచుతున్నారు. మూడడుగుల లోపు ఎత్తు, తక్కువ మేత, పాలలో వెన్న ఎక్కువ. చిన్న మందలో తిప్పి తిప్పి దగ్గరి రక్తాన్నే కలిపితే దూడలు బలహీనమవుతాయి కాబట్టి ఏ కోడెను ఏ ఆవుకు కలపాలన్నది రాసి పెట్టుకుని చేయాలి. అసలు పని ఆ రికార్డులోనే ఉంది. ఫోన్లో చూసి లక్షలు పోసి కొనేవాళ్ళు ఆ రికార్డు అడగరు.

నా దగ్గర ఒక సమస్య ఉంది. ఎవరి దగ్గరికి పోవాలి, ఏం తీసుకుపోవాలి?

పంటకైతే ముందు మీ రైతు సేవా కేంద్రం, తర్వాత కృషి విజ్ఞాన కేంద్రం. పశువుకైతే పశువైద్య కళాశాల ఆసుపత్రి. నీళ్ళు, మిషన్లు, కంప్యూటరు సంగతులకు దగ్గరి ఇంజనీరింగు కాలేజీలో ఆ శాఖ అధిపతికి ఒక కాగితం రాయండి. కేంద్రం 2014లో మొదలుపెట్టిన ఉన్నత్ భారత్ అభియాన్ కింద చాలా కాలేజీలు కొన్ని ఊళ్ళను దత్తత తీసుకున్నాయి, మీ ఊరు ఆ జాబితాలో ఉందేమో అడగండి. బీటెక్ చివరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టు దొరక్క అంగట్లో కొనుక్కుంటున్నారు. నిజమైన సమస్య పట్టుకుని మీరు పోతే మంచి మాస్టారు ఎవరైనా వదలరు.

కాగితంలో "పంట సరిగ్గా రావడం లేదు" అని రాయొద్దు. ఎప్పటి నుంచి, పొలంలో ఏ మూల, ముందు సంవత్సరం ఏం వేశారు, పక్క పొలంలో ఉందా లేదా, మీరు ఇప్పటికే ఏం చేసి చూశారు, ఇవి రాయండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మట్టి తెచ్చేటప్పుడు గట్టు పక్కన, చెట్టు కింద, పేడకుప్ప దగ్గర తీయొద్దు. ఎకరంలో పది, పన్నెండు చోట్ల జానెడు లోతున వి ఆకారంలో గుంట తీసి, అంచు నుంచి పైనుంచి కిందిదాకా ఒక పొర గీకండి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేయండి, అరకిలో మిగిలే దాకా అదే చేయండి. నీళ్ళకు బోరు కాసేపు ఆడనిచ్చి, అవే నీళ్ళతో సీసా కడిగి పట్టండి. ఫ్లోరైడ్ కోసమైతే ప్లాస్టిక్ సీసా, గాజు వద్దు, అది గాజుతో కలిసిపోతుంది. కూల్‌డ్రింక్ సీసాలో తెచ్చి చక్కెర ఉందని రిపోర్టు వస్తే మమ్మల్ని తిట్టొద్దు.

డబ్బు ఎవరిస్తారు? ఎంతకాలం పడుతుంది?

ఎక్కువ భాగం కేంద్ర ప్రభుత్వ సంస్థలు. వ్యవసాయానికి ఐకార్, వైద్యానికి ఐసీఎంఆర్, మిగిలిన సైన్సుకు డీఎస్టీ (శాస్త్ర సాంకేతిక శాఖ), డీబీటీ (జీవ సాంకేతిక శాఖ) లాంటివి. 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది. ప్రాజెక్టు మామూలుగా మూడేళ్ళు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిన పిల్లలకు నెలకు 37,000, అదీ నెలనెలా సరిగ్గా వస్తే. మొదటి సంవత్సరం పరికరం కొనే టెండర్లకే పోతుంది, చివరి ఆరు నెలలు రిపోర్టులకు. మధ్యలో మిగిలిందే పరిశోధన. మూడేళ్ళలో మామిడి చెట్టు సంగతి తేలదు, చెట్టు కాపుకు రావడానికే అంత పడుతుంది.

నా ఆలోచన చెబితే వాళ్ళే పేటెంటు తీసేసుకుంటారేమో?

ఈ భయం న్యాయమైనదే. చెప్పేముందు తేదీ వేసి రాసి పెట్టుకోండి, ఉమ్మడిగా చేస్తే పేర్లు ఎవరివి ఉంటాయో కాగితం మీద రాయించుకోండి. పేటెంటు ఇరవై ఏళ్ళు నడుస్తుంది. విద్యాసంస్థలకు ఫీజులో 80 శాతం తగ్గింపు 2021 నుంచి ఉంది. అందుకే ఈ మధ్య కాలేజీలన్నీ పేటెంట్లు పేటెంట్లు అంటున్నాయి. వాటిలో చాలావాటిని ఎవరూ వాడరు. ఒక్క జాగ్రత్త: పేపర్లోనో ప్రదర్శనలోనో ముందే బయటపెడితే తర్వాత పేటెంటు దొరకడం కష్టం.

తరతరాలుగా అందరికీ తెలిసిన నాటువైద్యానికి మన దేశంలో పేటెంటు ఇవ్వరు. సాగు పద్ధతికీ ఇవ్వరు. విత్తనం వేరే చట్టం కిందికి వస్తుంది. 2001 చట్టం ప్రకారం రైతు తన పంటలో విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, పక్కవాళ్ళకు ఇవ్వచ్చు, అమ్మవచ్చు. బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు, అంతే.

ఆసుపత్రిలో పరిశోధనకు సంతకం పెట్టమన్నారు. పెట్టాలా?

మీ ఇష్టం. నిజంగానే మీ ఇష్టం, మొహమాటం వద్దు. కాగితం తెలుగులో ఉండాలి, మీకు అర్థమయ్యేలా చదివి చెప్పాలి, ఒక ప్రతి మీకివ్వాలి. ఒప్పుకోకపోయినా, మధ్యలో మానుకున్నా మీ వైద్యం ఆగకూడదు. ఆ పరిశోధనను ముందే ఒక నైతిక కమిటీ చూసి ఉండాలి. అందులో డాక్టర్లే కాదు, లాయరు, మామూలు మనిషి కూడా ఉంటారు. కొత్త మందు పరీక్ష అయితే సీటీఆర్‌ఐలో (ఇలాంటి పరీక్షల జాతీయ రిజిస్టరు) నమోదు తప్పనిసరి. ఆ నంబరు అడగండి. అడిగితే డాక్టరుకు కోపం రాకూడదు. వస్తే అదే మీకు జవాబు.

భయపడి అందరూ మానుకున్నా కష్టమే. మదనపల్లె పక్క ఆరోగ్యవరంలో 1915లో మొదలైన క్షయ ఆసుపత్రి వాళ్ళు 1950లలో చుట్టుపక్కల ఊళ్ళలో బీసీజీ టీకా మీద అధ్యయనం చేశారు. చేయి చాపిన వాళ్ళంతా మన పల్లెల జనమే.

అందరూ పేపర్లు అచ్చేసుకుని ప్రమోషన్లు తెచ్చుకుంటారు, అవునా కాదా?

చాలావరకు అవును. ప్రమోషన్‌కు లెక్కలోకి వచ్చేది పేపరు. బడిలో ఫిల్టరు ఏడాది తర్వాత కూడా నడుస్తోందా అన్నదానికి మార్కుల్లేవు. డబ్బు కడితే అచ్చేసే పత్రికలు కూడా ఉన్నాయి. "తిరుపతి శాస్త్రవేత్తల అద్భుతం" అని వార్త వస్తే మూడు అడగండి. ల్యాబ్‌లోనా, పొలంలోనా? ఎన్ని చోట్ల? ఖర్చెంత? మూడోదానికి జవాబు లేకపోతే ఇంకో ఐదేళ్ళు ఆగండి.

ల్యాబ్‌కు శాంపిళ్ళు ఏ రోజు తేవచ్చు?

సోమవారం నుంచి గురువారం దాకా, పొద్దున. శుక్రవారం సాయంత్రం తెస్తే సోమవారం దాకా బల్ల మీదే ఉంటుంది, నీళ్ళలో క్రిములు చూడాలంటే అది పనికిరాదు. బ్రహ్మోత్సవాల వారం అసలే వద్దు, మీ బస్సు రేణిగుంట దాటదు.